ఐదో పాస్‌పోర్టు

సంచిలో ఐదు పాస్‌పోర్టులు ఉండాలి. కోడలి చేతికి నాలుగే తగిలాయి.

మళ్ళీ లెక్కపెట్టింది. తనది, భర్తది, ఆడపడుచుది, మావగారిది. సంచిని తలకిందులు చేసి దులిపింది. ఓ దారప్పోగు, రెండు దగ్గుబిళ్ళలు రాలాయి. అత్తగారి పాస్‌పోర్టు మాత్రం రాలలేదు. కుర్చీ కింద చూసింది, కుర్చీ వెనక చూసింది, చివరికి లేచి తను కూర్చున్న చోటు కూడా చూసుకుంది. ఫెర్రీ అప్పటికి నీళ్ళ నడిమధ్య ఉంది. బయల్దేరిన దేశం వెనకాల కనుమరుగైపోయింది. దిగాల్సిన దేశం ఇంకా సన్నటి గీతలా కూడా కనిపించడం లేదు.

కిందటి వారం ఈ కుటుంబాన్ని మనం రేవులో, ఫెర్రీ మెట్ల దగ్గర వదిలాం. అందరూ నవ్వుకుంటూ ఎక్కారు. ఆ నవ్వుల వెనక ఏముందో మరచిపోయినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు.

అత్తగారు దర్జీ. వయసు అరవై ఎనిమిది. అందులో నలభై ఏళ్ళు కుట్టుమిషను ముందే గడిచాయి. ఒకప్పుడు ఆవిడా, చెల్లెలూ కలిసి ఒక్క గదిలో షాపు నడిపారు. అక్క కొలతలు తీసి పుస్తకంలో రాస్తే చెల్లెలు గుడ్డ కత్తిరించేది. ముప్పై ఒక్క ఏళ్ళ కిందట ఫైర్ స్టేషన్ వాళ్ళు నలభై రెండు యూనిఫాం కోట్లు కుట్టి పెట్టమన్నారు. అంత పెద్ద పని వాళ్ళకి అదే మొదటిది. తీరా తొడిగి చూస్తే నలభై రెండూ అన్ని వైపులా ఒక్కో అంగుళం పొట్టి. "నువ్వు కత్తెర తప్పు పెట్టావు" అని అక్క. "నువ్వు కొలత తప్పు రాశావు" అని చెల్లెలు. నాలుగో రోజుకి చెల్లెలు పెట్టె సర్దుకుని దేశమే దాటి పోయింది. మళ్ళీ ఒకరి మొహం ఒకరు చూడలేదు. ఆర్నెల్ల కిందట ఎలాగో ఫోన్లు కలిశాయి. ఈ ప్రయాణం అలా మొదలైంది.

ఆ చెల్లెలు ఇవాళ అవతలి రేవులో నిలబడి ఉంటుంది. రేపు పొద్దున్నే ఇల్లు ఖాళీ చేసి, మరో ఖండంలో ఉన్న కూతురి దగ్గరికి పూర్తిగా వెళ్ళిపోతోంది. నిన్న సాయంత్రం హోటల్ గదిలో అందరూ వింటుండగా ఫోన్లో అంది: "అక్కా, నువ్వు దిగగానే ముందు నీకో మాట చెప్పాలి. ముప్పై ఒక్క ఏళ్ళు కడుపులో దాచుకున్నాను. ఇక నావల్ల కాదు."

ఆ మాట వినడానికి అత్తగారు తెల్లారకముందే చీర కట్టుకుని మంచం అంచున కూర్చున్నారు.

హాలు గోడ మీద మూడు భాషల్లో అంటించిన నోటీసు కోడలికి ఎదురుగానే ఉంది. పాస్‌పోర్టు చూపనివారు ఒడ్డుకు దిగరాదు. అదే ఫెర్రీలో ఒంటిగంటకు వెనక్కి వెళ్ళాలి. ఈ ఫెర్రీ తిరిగేది వారానికి రెండుసార్లే. కోడలు గడియారం చూసుకుంది. పది నలభై. పన్నెండుకి రేవు.

ఆమెది బీమా ఆఫీసులో ఉద్యోగం. తగలబడిన గోడౌన్లూ, పోయిన కార్లూ, విరిగిన కాళ్ళూ, వీటిలో ఏది నిజం, ఏది అల్లిన కథ అని తేల్చడమే పని. పన్నెండేళ్ళలో ఆమెకి బాగా వంటబట్టిన పాఠం ఒకటుంది. వస్తువు ఎక్కడ పోయిందని వెతికితే రోజులు పడతాయి. ఎలా పోయిందని అడిగితే గంట చాలు.

ఎలా పోయింది?

సంచి అత్తగారే కుట్టారు. కోటు లోపలివైపు వేసే నల్లటి నున్నని గుడ్డతో ఐదు అరలు, పైన ఒక మూత. ఆవిడకి జిప్పుల మీద నమ్మకం లేదు. ప్రయాణంలో ప్రతి చెకింగ్ అవగానే సూదీ దారం తీసి ఆ మూతని కచ్చా కుట్టు వేసి మూసేస్తారు. అంటే తాత్కాలికంగా వేసి, పని అయ్యాక పీకేసే కుట్టన్నమాట. మళ్ళీ చెకింగ్ వచ్చినప్పుడు తెంపడం, అయ్యాక మళ్ళీ కుట్టడం. విమానాశ్రయంలో జనం వింతగా చూశారు. ఆవిడ పట్టించుకోలేదు.

ఇవాళ పొద్దున రేవులో చెకింగ్ అయ్యాక ఐదు పాస్‌పోర్టులూ లోపల పెట్టి, బెంచీ మీద కూర్చుని మూత కుట్టేసింది అత్తగారే. కోడలు పక్కనే ఉండి కళ్ళారా చూసింది. ఇందాక దిగే కాగితాలు నింపుదామని గోళ్ళ కత్తెరతో ఆ కుట్టు సగం తెంపి, చెయ్యి పెట్టింది కూడా తనే. అప్పటిదాకా కుట్టు కుట్టినట్టే ఉంది. లోపలి పాస్‌పోర్టు మాత్రం లేదు.

బయటి దొంగయితే సంచితో సహా పట్టుకుపోతాడు. కుట్టు విప్పి, ఐదింట్లో ఒక్కటే ఏరి తీసుకుని, మళ్ళీ ఓపిగ్గా కుట్టి పెట్టి పోయే దొంగ ఏ ఓడలోనూ ఉండడు.

ఇంటివాళ్ళే.

ఆ మాట మనసులో అనుకోగానే కోడలికి తనమీద తనకే అసహ్యం వేసింది. అయినా లెక్క లెక్కే. భర్తగారు ఫెర్రీ కదిలిన పావుగంటకే వాంతులు మొదలుపెట్టి, ఇప్పుడు మొహం మీద చేతిరుమాలు కప్పుకుని సోఫాలో పడి ఉన్నారు. ఆయన్ని అనుమానించడమూ, ఆ సోఫాని అనుమానించడమూ ఒకటే. ఆయన్ని రైలింగ్ దగ్గరికి నడిపించుకుని వెళ్ళినప్పుడే తను అరగంటసేపు సంచిని వదిలింది. వదిలింది ఎవరి చేతికి?

"అమ్మాయ్, ఒకసారి ఇలా రా."

కిటికీ దగ్గర ఫొటోలు తీసుకుంటున్న ఆడపడుచు వచ్చింది. పళ్ళ డాక్టరు. ఎదుటివాళ్ళు నోరు తెరిచే లోపే సగం సంగతి కనిపెట్టేస్తుంది.

"ఏంటి వదినా, మొహం అలా పాలిపోయింది? నీకూ మొదలైందా? మొగుడూ పెళ్ళాలయినంత మాత్రాన వాంతులు కూడా పంచుకోవాలా?"

"నేను మీ అన్నయ్యని తీసుకెళ్ళినప్పుడు ఈ సంచి నీకిచ్చాను కదా. ఎక్కడైనా వదిలావా?"

"కాఫీకెళ్ళాను. పది నిమిషాలు. నాన్న ఇక్కడే ఉన్నాడుగా. ఏం?"

"అత్తయ్య పాస్‌పోర్టు లేదు."

ఆడపడుచు నవ్వబోయింది. వదిన కళ్ళు చూసి ఆ నవ్వు సగంలోనే మింగేసింది.

"సరిగ్గా చూశావా?"

"మూడుసార్లు." కోడలు గొంతు తగ్గించింది. "నిన్న ఫోన్ అయ్యాక నువ్వొక మాట అన్నావు. పిన్ని ఏం చెబుతుందో, అమ్మ తట్టుకోగలదో లేదో, అసలు వెళ్ళకపోతేనే మంచిదేమో అని."

"అన్నాను. అమ్మకి బీపీ. అయితే?"

"అయితే ఏం లేదు. అడుగుతున్నా."

"దీన్ని అడగడం అనరు వదినా. నేను రోజూ చేసే పనే ఇది. ఎక్కడ నొప్పి అంటూనే పన్ను మీద పుల్ల పెట్టి నొక్కడం."  భుజం మీది బ్యాగు లాగి వదిన ఒళ్ళో బోర్లించేసింది. దువ్వెన, రెండు పిన్నులు, సగం తిన్న చాక్లెట్, పళ్ళ సందుల్లో లాగే దారం చుట్ట. "చూసుకో. ఇదిగో దారం కూడా ఉంది, పట్టుకో. మా అమ్మ ముప్పై ఏళ్ళ ఏడుపుకి నేను అడ్డం పడతానా? పదేళ్ళ నుంచి నన్ను చూస్తున్నావు, నీ కంటికి అలా కనపడ్డానా?"

"అది కాదు..."

"అదే."

"ఏం పోయింది?"

ఇద్దరూ ఒక్కసారి తలెత్తారు. అత్తగారు ఎప్పుడొచ్చారో వచ్చి కుర్చీ వెనకే నిలబడి ఉన్నారు. ఒక చేతిలో మూడో కాఫీ, రెండో చేతిలో ఎవరో తోటి ప్రయాణికురాలు చూడమని ఇచ్చిన అల్లిక ముక్క. భాష రాకపోయినా ఆవిడకి ఎక్కడికెళ్ళినా స్నేహితులు దొరుకుతారు.

 అత్తగారు కోడలి ఒళ్ళో పరుచుకున్న సామాను చూశారు, నల్ల సంచి చూశారు, కూతురి ఎర్రబడ్డ ముక్కు చూశారు.

"నాదేనా?" అన్నారు.

కోడలు తలూపింది. ఇక ఏడుపు వస్తుందనీ, కూలబడతారనీ, కనీసం ఆ కాఫీ కప్పయినా జారుతుందనీ ఎదురుచూసింది. ఆవిడ కాఫీ మిగిలింది తాగేసి, కప్పు బల్ల మీద పెట్టి, చెయ్యి చాపారు.

"సంచి ఇలా ఇవ్వు. సగం కుట్టు ఉంచావు కదా? అంతా తెంపలేదు కదా?"

"సగమే తెంపాను అత్తయ్యా."

"బంగారు తల్లివి."

ఆవిడ సంచి తీసుకుని కిటికీ దగ్గరికి, బాగా వెలుతురున్న చోటికి వెళ్ళారు. కళ్ళజోడు నుదుటి మీదికి నెట్టి, మిగిలి ఉన్న కుట్టు మీద బొటనవేలు మెల్లగా జరిపారు. ఒకసారి ఇటు నుంచి అటు, ఒకసారి అటు నుంచి ఇటు. నాడి చూసే డాక్టరు మొహంలో ఉండే నిదానం ఆ మొహంలో ఉంది. తన ఆఫీసులో ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్నవాళ్ళని కోడలు చూసింది. కాలిన కట్టె వాసన చూసి నిప్పు ఎక్కడ పుట్టిందో చెప్పేవాడొకడు ఉన్నాడు. కానీ తన కాళ్ళకింద నేల కదిలిపోతున్న క్షణంలో ఇంత స్థిమితంగా పని చేసిన మనిషిని ఆమె ఇంతవరకూ చూడలేదు.

"ఇది నేను వేసిన కుట్టు కాదు" అన్నారు అత్తగారు.

"ఎలా తెలుసు? నేనూ చూశాను అత్తయ్యా. ఎంత చక్కగా ఉంది! అందుకే మీరు వేసిందే అనుకున్నాను."

"అక్కడే పొరపాటు పడ్డావు. చక్కగా ఉంది కాబట్టే నాది కాదు." ఆవిడ కుర్చీలో ఉన్న కోడలి దగ్గరికి తిరిగి వచ్చి కుట్టుని కళ్ళెదుట పెట్టారు. "చూడు, ఒక్కొక్కటీ స్కేలు పెట్టి గీసినట్టు. ఇంతా ఇంతా సందు, అంతా సమానం. కచ్చా కుట్టు ఎవరైనా ఇలా వేస్తారా? గంటలో పీకి పారేసేదానికి? నేను వేస్తే ఒకటి ఇంత, ఒకటి అంత. వంకరటింకరగా కుక్క పరిగెత్తినట్టు ఉంటుంది. నేనే కాదు, ఏ దర్జీ అయినా అంతే. పీకేసే కుట్టుకి శ్రద్ధ పెట్టుకుంటూ కూర్చుంటే మా బతుకులు ఎప్పుడో తెల్లారేవి."

కోడలు ఆశ్చర్యంతో ముక్కున వేలేసుకోబోయి, పరిస్థితి గుర్తొచ్చి చెయ్యి దించుకుంది. అరగంట నుంచి తను ఈ సంచిని పట్టుకునే ఉంది. సాక్ష్యం కళ్ళెదుటే ఉంది. అది బాగుంది కదా అని దాన్ని నిర్దోషిగా వదిలేసింది!

"దారం నాదే. నా కుట్టు డబ్బాలోంచి తీసిందే" అన్నారు అత్తగారు. "చెయ్యి మాత్రం దర్జీది కాదు. కానీ చిన్న చిన్న పనుల మీద పండిపోయిన చెయ్యి. దొంగతనంగా కూర్చుని, ఎవరొస్తారో అని బెదురుతూ కూడా పని పాడుచెయ్యడం చేతకాని చెయ్యి."  కుట్టు మీద వేలు అలాగే ఉండిపోయింది. "ఎంత బాగా కుట్టారో చూడు."

ఆ మాటలో కోపం ఏ మూలన ఉందా అని కోడలు వెతికింది. కనిపించలేదు.

"అత్తయ్యా, ఎవరు...?"

"ఇంకెవర్నీ అడక్కు. ముందు మీరిద్దరూ మాట్లాడుకోండి." ఆవిడ కూతుర్ని చెయ్యి పట్టి లాగి కోడలి పక్కన నిలబెట్టారు. "ఇప్పుడే, నా ఎదురుగానే. ఒక్క అంగుళం దగ్గర మాటామాటా అనుకుని నేను ముప్పై ఒక్క ఏళ్ళు పోగొట్టుకున్నాను. ఈ వంశంలో అది చాలు."

"సారీ" అంది కోడలు.

"నా చాక్లెట్ మీద కూర్చున్నావు వదినా" అంది ఆడపడుచు, ముక్కు తుడుచుకుంటూ. "లే."

అంతలో స్పీకర్లో ప్రకటన వచ్చింది. ఇంకో నలభై నిమిషాల్లో రేవు. హాలు చివర బల్ల వేసుకుని కూర్చున్న సరిహద్దు అధికారిణి లేచి, ఇంకా ముద్ర వేయించుకోనివాళ్ళని పిలుచుకుంటూ వరసలెంట వస్తోంది. పొడుగాటి మనిషి, నిటారుగా నడుస్తోంది. ఆ నడక చూస్తేనే చిన్నపిల్లలు అల్లరి మానేస్తున్నారు.  ఆవిడ వీళ్ళ ముందు ఆగి చెయ్యి చాపింది.

అత్తగారు ఆ చేతిలో పాస్‌పోర్టులేమీ పెట్టలేదు. ఆ చేతిని పట్టుకుని మణికట్టు వైపు తిప్పారు.

"ఈవిడ కోటు కఫ్ గుండీ ఊడిపోబోతోంది. ఒక్క పోగు మీద వేలాడుతోంది. చెప్పు ఆవిడకి."

"అత్తయ్యా! ఇప్పుడా?"

"ఇప్పుడు కాకపోతే రేవులో ఊడి నీళ్ళలో పడ్డాకా? పది నిమిషాల్లో కుట్టి ఇస్తానని చెప్పు."

కోడలు వచ్చిన భాషలో వచ్చినట్టు చెప్పింది. అధికారిణి కఫ్ చూసుకుంది. గడ్డకట్టినట్టున్న ఆ మొహం మెత్తబడి, లోపల దాక్కున్న మామూలు మనిషి ఒకరు బయటికొచ్చారు. పొద్దున్నుంచి చూసుకోనే లేదని చెబుతూ కోటు విప్పి అత్తగారి చేతికిచ్చింది. మీ కాగితాలు అప్పుడే చూస్తానని పక్క వరసకి వెళ్ళింది.

"ఆవిడ కోటు మన దగ్గరుంటే మనల్ని వదిలి ఎక్కడికి పోతుంది?" అన్నారు అత్తగారు, కోటు చేతి మీద వేసుకుంటూ. "పద. మీ మావయ్య ఎక్కడున్నారు?"

మావగారు బయట డెక్ మీద, ఎండ పడే బెంచీ మీద ఒక్కరే కూర్చుని ఉన్నారు. నలభై ఐదేళ్ళు గడియారాలు బాగుచేసిన మనిషి. కంటికి భూతద్దం బిగించుకుని కూర్చుంటే పక్కన పిడుగు పడ్డా పట్టకారు కదిలేది కాదని ఇంట్లో చెప్పుకుంటారు. ఇవాళ పొద్దున కూడా ఎవరో ముసలావిడ కళ్ళజోడు కాడ ఊడితే, అంత ఊగే ఓడలో ఆవగింజంత స్క్రూ పట్టుకుని బిగించి ఇచ్చారు. చుట్టూ ఉన్నవాళ్ళు చప్పట్లు కొట్టారు. అనుమానితుల లెక్క వేసుకున్నప్పుడు కోడలికి ఆయన గుర్తుకే రాలేదు. నిజానికి ఈ ప్రయాణానికి మొదట సరే అన్నదీ, టిక్కెట్ల కోసం లైన్లో నిలబడిందీ ఆయనే. నిన్న అత్తగారి చెల్లెలి ఫోన్ అయిన తర్వాత నడిచి వస్తానని బయటికి వెళ్ళి, రెండు గంటలకి గానీ రాలేదు. ఆ సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది.

అత్తగారు ఆయన పక్కన కూర్చుని కోటు ఒళ్ళో పరుచుకున్నారు. కోడలు రెండడుగుల దూరంలో రైలింగ్ పట్టుకుని నిలబడింది. వెళ్ళిపోవాలో ఉండాలో తెలియలేదు. అత్తగారు ఉండమన్నట్టు చూశారు.

"ఏంటి దర్జీగారూ, సముద్రం మీద కూడా బేరాలు దొరికాయా?" అన్నారు మావగారు. నవ్వు పెదాల దాకానే వచ్చింది.

"గుండీ కుట్టాలి." ఆవిడ చిన్న రేకు డబ్బా తెరిచి ఒక సూది, మూరెడు దారం తీసి ఆయన అరచేతిలో పెట్టారు. "ఎక్కించండి."

ఇది వాళ్ళింట్లో పద్నాలుగేళ్ళ అలవాటు. అత్తగారి చూపు మందగించినప్పటి నుంచీ సూదిలో దారం ఎక్కించేది మావగారే. పొద్దున్నే పేపరు చదివే ముందు వరసగా పది సూదులు ఎక్కించి మెత్తకి గుచ్చి పెడతారు. ఆవిడ ఎప్పుడూ అడగరు, ఆయన ఎప్పుడూ చెప్పరు. పెళ్ళయిన కొత్తల్లో కోడలు ఆ మెత్త చూసి, ఇంతకన్నా అందమైన వస్తువు ఈ ఇంట్లో లేదని అనుకుంది. ఇప్పటికీ అలాగే అనుకుంటోంది.

ఆయన దారం కొస తడిచేసి, సూది ఎండకెత్తి పట్టుకున్నారు. దారం పక్కకి పోయింది. మళ్ళీ ప్రయత్నించారు. మళ్ళీ పోయింది. మూడోసారీ అంతే.

"ఓడ ఊగుతోంది" అన్నారు.

"పొద్దున స్క్రూ బిగించినప్పుడు ఊగలేదా?"

 అత్తగారు నల్ల సంచి తీసి, సగం మిగిలిన కుట్టు పైకి కనిపించేలా ఆయన మోకాలి మీద పెట్టారు.

"నలభై నాలుగేళ్ళు నాతో కాపురం చేశారు. కచ్చా కుట్టు ఎంత నిర్లక్ష్యంగా వెయ్యాలో కూడా నేర్చుకోలేకపోయారా? దొంగతనంలో కూడా ఒక్క కుట్టు వంకర పోనివ్వరు కదా!" ఆవిడ గొంతులో మెచ్చుకోలు, నొప్పి విడదీయలేనంతగా కలిసిపోయాయి. "నేను మీ మీద కేకలెయ్యను. నా చెల్లెలు అక్కడ నిలబడి ఉంది. నేను దిగాలి. ఎందుకు తీశారో ఒక్కటి చెప్పండి."

ఎదురుగా నీళ్ళ చివర సన్నటి బూడిదరంగు గీత తేలింది. అవతలి ఒడ్డు.  మావగారు తన కోటు లోపలి జేబులోంచి పాస్‌పోర్టు తీసి, దాని అంచులు సరిచేసి, సంచి పక్కన పెట్టారు. తర్వాత జేబు గడియారం బయటికి తీశారు. వాళ్ళ నాన్న ఇచ్చిందని ఇంటిల్లిపాదికీ తెలుసు. దాని వెనక మూత తెరవడం మాత్రం ఎవరూ ఎప్పుడూ చూడలేదు. గోరుతో మూత లేపి, లోపలి నుంచి మడత పెట్టిన చిన్న గుడ్డ ముక్క ఒకటి తీసి అరచేతిలో విప్పారు. పసుపు పచ్చగా మాసిపోయిన ముక్క. దాని మీద సన్నని నల్లటి గీతలు.

దర్జీ టేపులోంచి కత్తిరించిన ముక్క. సరిగ్గా ఒక అంగుళం.

అత్తగారి చెయ్యి నోటికి వెళ్ళింది. కోడలు ముందుకు వచ్చి ఆవిడ భుజం పట్టుకుంది. మావగారు తల ఎత్తకుండానే మాట్లాడడం మొదలుపెట్టారు. నెమ్మదిగా, ఒక్కొక్క మాటా ఏరి పెట్టినట్టు.

"పాస్‌పోర్టు తీసింది నేనే. నీళ్ళలో పారేద్దామని రెండుసార్లు ఆ రైలింగ్ దాకా వెళ్ళాను. ఫొటోలో నువ్వు నన్నే చూస్తున్నావు. చెయ్యి రాలేదు. కానీ ఇది చిన్న దొంగతనం. పెద్దది ముప్పై ఒక్క ఏళ్ళ కిందటే చేశాను. ఫైర్ స్టేషన్ కోట్ల పని మొదలుపెట్టే ముందు రోజు, కత్తిరింపు బల్ల మీది టేపు కొస రేకు ఊడిపోయింది. అంచు పీచులు లేచిపోయి ఉంది. మీకు సాయం చేద్దామని నేనే ఆ మొదటి అంగుళం కత్తిరించేసి, రేకు మళ్ళీ బిగించాను. బాగా బిగించాను. కొత్త దానిలా ఉంది. ఎంత బాగా చేశానో అని మురిసిపోయాను గానీ, ఆ టేపు ఇక ఒకటో అంకె దగ్గర మొదలవుతుందని ఆలోచించలేదు. మీకు చెప్పాలని కూడా తోచలేదు. కత్తిరించేవాళ్ళు టేపు మొదలు చూడరుగా, చివరి అంకె చూస్తారు. నువ్వు ఫైర్ స్టేషన్లో వేరే టేపుతో తీసిన కొలతలు ఒక్కటీ తప్పు కాదు. నీ చెల్లెలు పెట్టిన కత్తెర కూడా తప్పు కాదు. మీరిద్దరూ అరుచుకుంటున్న రోజు మధ్యాహ్నం నాకు వెలిగింది. అప్పుడే చెప్పేసి ఉంటే అయిపోయేది. అంత పెద్ద పని నా చేతుల్లో పాడైందని ఒప్పుకోలేకపోయాను. నా చెయ్యి తప్పు చెయ్యదని అందరూ అంటుంటే, నేనూ నమ్మేశాను. ఆ సాయంత్రమే కొత్త టేపు కొని బల్ల మీద పెట్టేశాను. పాతది కాల్చేశాను. ఈ ముక్క మాత్రం కాల్చలేకపోయాను. రోజూ పొద్దున నీ సూదుల్లో దారం ఎక్కిస్తున్నప్పుడల్లా ఇవాళ చెబుదాం, ఇవాళ చెబుదాం అనుకున్నాను.

ఇంకొకటుంది. అదీ చెప్పేస్తాను, లేకపోతే మళ్ళీ ధైర్యం రాదు. నీ చెల్లెలు వెళ్ళిపోయిన రోజు నేను రైల్వే స్టేషన్‌కి పరిగెత్తాను. రైలు కదలబోతుండగా కిటికీ పట్టుకుని, తప్పు నాదమ్మా, దిగిరా, మీ అక్కకి నేనే చెబుతాను అన్నాను. తను దిగలేదు. 'నాకు తెలుసు బావా. నిన్ననే తెలిసింది. టేపు మారిందని నేను చూసుకోనా? అక్కకి మాత్రం చెప్పొద్దు. నేను వెళ్ళిపోవడానికి నాకు ఇంతకన్నా మంచి కారణం దొరకదు' అంది. ఎందుకు వెళ్ళిపోవాలనుకుందో కూడా అప్పుడే చెప్పింది. నా చేత ఒట్టు వేయించుకుంది. నేను నా తప్పుకి భయపడి నీ పాస్‌పోర్టు తీశాననుకుంటున్నావు కదూ? కాదు. తను ఇవాళ నీకు చెప్పబోయేది నా తప్పు గురించి కాదు. అది విన్నాక నువ్వు ఎవర్ని క్షమించాలో నాకు తెలియడం లేదు."